జానపద నవలకి లక్ష పదాలు కావాలా?

మీ ప్రశ్న: "జానపద ఫాంటసీ నవల రాస్తున్నాను. 70 వేల పదాలు దాటాయి, కథ ఇంకా సగంలోనే ఉంది. ఫాంటసీ అంటే లక్షా ఇరవై వేలు ఉండాలంటున్నారు. నిజంగా ఎంత ఉండాలి?"

నన్నడిగితే తెలుగు జానపదానికి 45 నుంచి 60 వేల పదాలు చాలు. మీది ఇప్పటికే ఆ గీత దాటేసింది. టెన్షన్ పడకండి, నా జానపద నవల మొదటి రాతప్రతి లక్షా ఎనిమిది వేలు.

ఆ లక్షా ఇరవై వేల లెక్క ఇంగ్లీషుది. అదీ ఎపిక్ ఫాంటసీ, అంటే కొత్త లోకాన్నే సృష్టించే భారీ కథలు, రాసే కొత్తవాళ్లకి "ఇది దాటకండి" అని అక్కడ చెప్పే మాట. మన దగ్గరికి వచ్చేసరికి అదే "ఇంతకు తగ్గకూడదు" అయి కూర్చుంది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు నియమాల్లో 40 వేల పదాలుంటే నవల కిందే లెక్క. టోల్కీన్ రాసిన ప్రసిద్ధ ఫాంటసీ నవల 'ది హాబిట్' కూడా సుమారు 95 వేలే.

పైగా మన పదం వేరు, వాళ్ల పదం వేరు. 'వెళ్లలేకపోయాడు' మనకి ఒక్క పదం, ఇంగ్లీషులో నాలుగైదు పడతాయి. సరదాకి నా మొదటి అధ్యాయాన్ని ఇంగ్లీషులోకి మార్చి చూశాను. తెలుగులో 2,100 పదాలున్నది 3,300 దాటింది. కాబట్టి మీ 70 వేలు ఇంగ్లీషు కొలతలో లక్షకి పైమాటే.

అసలు సంగతి ఇది కూడా కాదు. ఎపిక్ ఫాంటసీ అంత లావు కావడానికి ఒక కారణం, పాఠకుడు ఎన్నడూ చూడని లోకాన్ని మొదటి ఇటుక నుంచీ కట్టాల్సి రావడం. జానపదానికి ఆ బాధ లేదు. 'ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో చిలక' అన్నామంటే మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తెలుగు పాఠకుడికి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు అన్నం ముద్దతో పాటు మింగిన లోకం అది. నేనేమో మాంత్రికుడి గురుపరంపర, మంత్రశక్తి పనిచేసే పద్ధతి, రాజ్యంలో పన్నుల వ్యవస్థ అంటూ పేజీలకి పేజీలు రాశాను. పన్నులు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మా మేనమామ విజయవాడలో ఒక ప్రెస్సులో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దారు. నా రాతప్రతి ఆయనకిస్తే వారం తర్వాత తిరిగిచ్చారు. మార్జిన్లో అక్కడక్కడా పెన్సిల్‌తో 'తెలుసు' అని రాసుంది. అంతే, ఇంకే వ్యాఖ్యా లేదు. లెక్కపెడితే నలభై మూడు 'తెలుసు'లు. "ఒరేయ్, నీ రాకుమారుడు గుర్రం ఎక్కేలోపు నాకు రెండుసార్లు కునుకు పట్టిందిరా" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు కూర్చుని 'తెలుసు' అన్నవన్నీ కొట్టేయడం మొదలుపెట్టాను.

ఇక డబ్బుల లెక్క. పుస్తకం సొంతంగా వేసుకునేవాళ్లు పదాల్లో కాదు, ఫారాల్లో, అంటే ప్రెస్సులో ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసే పేజీల కట్టల్లో, ఆలోచించాలి. డెమ్మీ అనే పుస్తకం సైజులో పేజీకి నాకు దాదాపు 220 పదాలు పట్టాయి. ఫారానికి 16 పేజీలు. లక్షా ఎనిమిది వేలంటే 490 పేజీలు, 31 ఫారాలు. ఒక ప్రచురణకర్త ప్రతి తెరవకుండానే చేత్తో బరువు చూసి వెనక్కిచ్చేశారు. 58 వేలకి దించాక ముందుమాటతో కలిపి 272 పేజీలు, సరిగ్గా 17 ఫారాలు. కొత్త రచయిత పుస్తకాన్ని కొనేవాళ్లు భరించగల ధర పెట్టడం అప్పుడు గానీ కుదరలేదు.

"మరి చందమామ సీరియళ్లు ఏళ్లకేళ్లు నడవలేదా?" అని మీరు అడగొచ్చు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఎన్ని రాశారో! కానీ అవి నెలకో భాగం చొప్పున వచ్చినవి. ప్రతి భాగం చివర ఒక కొండచిలువో, కూలే వంతెనో కనబడి నెలంతా పిల్లల్ని ఆపి ఉంచాలి. ఆ కొండచిలువలన్నీ ఒకే పుస్తకంలో, ఒకే రాత్రి, వరుసగా వస్తే పదో దానికి భయం పోతుంది. మీరు సీరియల్‌గా రాస్తుంటే మాత్రం నా లెక్కలన్నీ పక్కన పెట్టేయండి.

మీ 70 వేలలో ముందు ఒకటి వెతకండి: హీరో ఊరు దాటేది ఎన్నో పేజీలో? నాకు మొదట 61వ పేజీలో దాటాడు. ఇప్పుడు 9లో దాటుతున్నాడు.

అయితే ఒకచోట కత్తెర ఎక్కువే పడింది. నా కథలో నది దాటించే ముసలమ్మ ఒకావిడ ఉంది. ఆమె కూలి డబ్బు తీసుకోదు, పడవెక్కినవాడికి గుర్తున్న పేర్లలో ఒకటి తీసుకుంటుంది. అవతలి ఒడ్డున దిగాక రాకుమారుడికి చెల్లెలి పేరు గుర్తురాదు. 'ఆ పిల్ల... ఆ పిల్ల...' అంటూ నడుస్తుంటాడు. ఇది ఎవరికీ తెలిసిన కథ కాదు, మామయ్య కూడా అక్కడ పెన్సిల్ పెట్టలేదు. 17 ఫారాల్లో ఇమడాలని నేనే పదకొండు పేజీల్ని రెండు చేశాను. చదివినవాళ్లందరూ అడిగేది ఆ ముసలమ్మ గురించే. రెండో ముద్రణంటూ వస్తే ఆ తొమ్మిది పేజీలూ తిరిగి పెట్టేస్తాను, ఒక ఫారం పెరిగినా సరే.