చరిత్ర కూడా కథేనని పోస్ట్‌మోడర్న్ తత్వవేత్తలు అంటారు కదా, అలాంటప్పుడు జరిగిన వాటికి విలువేముంది?

మన సాహిత్య సభల్లో పోస్ట్‌మోడర్నిజాన్ని, అంటే అందరికీ వర్తించే ఒకే సత్యం ఉందన్న నమ్మకాన్ని ప్రశ్నించే ఆలోచనాధోరణిని, నెత్తిన పెట్టుకునేవారూ, దుమ్మెత్తిపోసేవారూ కూడా “వాస్తవం లేదు, అంతా కథే” అన్న ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. చరిత్ర రచనను కథనంగా పరిశీలించిన అమెరికన్ చరిత్రకారుడు హేడెన్ వైట్ ఆ మాట అనలేదు. అవే సంఘటనలను ఒక చరిత్రకారుడు విజయగాథగా, మరొకడు విషాదంగా కూర్చగలడనీ, ఆ కూర్పు సంఘటనల్లోంచి కాక రాసేవాడి నుంచి వస్తుందనీ ఆయన 1973లో ‘మెటాహిస్టరీ’లో వాదించాడు.

ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో దీన్ని ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోనక్కరలేదు. ఏటా ఏప్రిల్ 1న, ఉత్కళ దివస్ నాడు, చెల్లాచెదురుగా ఉన్న ఒడియా ప్రాంతాలు 1936లో ఒక్కటైన శుభదినమని బడిలో చెప్పేవారు. ఇంటికి వస్తే అదే తేదీ, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మమ్మల్ని విడదీసిన రోజుగా, గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయిన ఏడుగా వినిపించేది. రెండింటిలోనూ తేదీ ఒక్కటే, అబద్ధం ఒక్కటీ లేదు. ఒకరికి కథ అక్కడ ముగుస్తుంది, మరొకరికి అక్కడే మొదలవుతుంది.

నేను కాలేజీలో ఉన్నప్పుడు నివాస ధ్రువపత్రం కోసం తాతగారిని వెంటబెట్టుకుని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. దరఖాస్తులో “ఎప్పుడు వచ్చి స్థిరపడ్డారు” అనే గడిని తాతగారు ఖాళీగా వదిలేశారు. గుమాస్తా మర్యాదగానే, “ఆంధ్రా నుంచి ఏ సంవత్సరంలో వచ్చారు తాతగారూ?” అని అడిగాడు. “ఎక్కడినుంచీ రాలేదు బాబూ, మా ముత్తాత పుట్టిందీ ఆ వీధిలోనే” అన్నారాయన. గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపుతారని చెప్పి, గుమాస్తా ఒక్క క్షణం ఆలోచించి, తన పెన్నుతో 1936 అని వేశాడు.

వైట్ ఆ తరువాత రాసిన ఒక వ్యాసంలో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ క్రైస్తవ మఠపు వార్షిక పట్టిక గురించి చదివినప్పుడు నాకు ఆ గుమాస్తాయే గుర్తుకొచ్చాడు. ఎనిమిదో శతాబ్దపు సంవత్సరాలు వరుసగా ఉన్న ఆ పట్టికలో ఒకచోట చలి ఎక్కువైందనీ, ఇంకోచోట వరదలొచ్చాయనీ, 732 ఎదుట చార్లెస్ (ఫ్రాంకుల నాయకుడు) సారసెన్లతో, అంటే ముస్లిం సేనలతో, యుద్ధం చేశాడనీ ఉంటుంది. కొన్ని ఏళ్ల ఎదుట ఏమీ ఉండదు. ఆ ఖాళీలు రాసినవారిని బాధించినట్లు కనిపించదు. కాలానికి ఆరంభమూ ముగింపూ ఉండాలనీ, ప్రతి గడీ నిండాలనీ పట్టుబట్టేది కథ కోరుకునే మనమే.

ఫ్రెంచ్ తత్వవేత్త లియోటార్ 1979లో మహాకథనాల మీద నమ్మకం సడలిందని రాసినప్పుడు ప్రగతి, విముక్తి వంటి పెద్ద కథలు ఆయన దృష్టిలో ఉన్నాయి. భాషాప్రయుక్త రాష్ట్రం కూడా అలాంటి కథేనని నా గట్టి అభిప్రాయం. ప్రతి ఊరూ ఏదో ఒక రాష్ట్రం వైపే నడుస్తూ వచ్చిందన్నట్లు చెప్పే ఆ కథలో, వేరే భాష మాట్లాడేవాడు వలస వచ్చినవాడు అయి తీరాలి. ఈ విషయంలో తెలుగువారూ తక్కువ తినలేదు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర అవతరణను అంత ఆవేశంగా చెప్పుకునేవారే, హైదరాబాదులో నన్ను “ఒడిశా వాళ్లయి ఉండి తెలుగు ఇంత బాగా ఎలా నేర్చుకున్నారండీ?” అని మెచ్చుకుంటారు.

ఇక జరిగిన వాటికి విలువేమిటంటే, మద్రాసు స్టాంపులతో, తెలుగులో, 1936 కంటే ముందే రాసిన మా ఇంటి దస్తావేజు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ గడిలోని అంకె తప్పని రుజువు చేయడానికి అదొక్కటి చాలు. అయితే ధ్రువపత్రం 1936తోనే చేతికొచ్చింది, దాన్ని చూసి మా పిన్ని కొడుకు కాగితాల్లోనూ అదే ఎక్కించారు, ఇప్పుడు సరిచేయించాలంటే మేము అఫిడవిట్ దాఖలు చేయాలట.