ఒకే జంతువులో లింకర్ హిస్టోన్లు ఇన్ని రకాలు ఎందుకు?

డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్లు హిస్టోన్లు. ఆ చుట్టల మధ్య డీఎన్‌ఏని పట్టి ఉంచేవి లింకర్ హిస్టోన్లు, హెచ్‌1 వాటి కుటుంబం పేరు. ఈస్ట్‌కి ఒకటే ఉంది కదా, మనిషికి 11 రకాల హెచ్‌1 ఎందుకు, అవన్నీ స్పేర్ కాపీలేనా అని అడిగారు. స్పేర్ కాపీలు అనేవాళ్లెవరూ జన్మలో కోడి రక్తం పట్టుకుని ఉండరని నా నమ్మకం.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు రోజుల్లో హైదరాబాద్‌లో పొద్దున్నే, రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ పోసిన సీసాతో చికెన్ షాపుకి వెళ్లేవాణ్ణి. షాపాయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, "గీ రక్తంతోని ఏం జేస్తవ్ తమ్మీ, పూజనా?" అన్నాడు. ప్రాజెక్టు అంటే నమ్మలేదు. అయినా డబ్బులు తీసుకోకుండా పట్టి ఇచ్చాడు. ఐస్‌లో పెట్టుకుని ల్యాబ్‌కి పరుగు. ఎర్రకణాలను డిటర్జెంట్‌తో పగలగొట్టి, హిమోగ్లోబిన్ ఎరుపు పోయేదాకా కేంద్రకాలను కడిగి, 5 శాతం పర్‌క్లోరిక్ ఆసిడ్ వేస్తే మిగతా హిస్టోన్లు అడుగున ముద్ద కడతాయి. లింకర్ హిస్టోన్లు మాత్రం పైన ద్రవంలోనే ఉంటాయి. పక్కనే అదే కోడి కాలేయంతోనూ ఇదే పని. ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ మీద నడిపి, కూమాసీ రంగు దిగాక చూస్తే, కాలేయం వరుసలో హెచ్‌1 గీతలు. రక్తం వరుసలో వాటి కింద ఇంకో లావుపాటి గీత. అదే హెచ్‌5, ఇంకో లింకర్ హిస్టోన్. కాలేయం వైపు అది లీలగా కనిపించిందంటే అందులో మిగిలిపోయిన రక్తం పుణ్యమే.

ఒకే కోడి, ఒకే డీఎన్‌ఏ. మరి తేడా ఎందుకు? మన ఎర్రకణాలు కేంద్రకాన్ని బయటికి తోసేస్తాయి. పక్షులవి ఉంచుకుంటాయి, కానీ జన్యువులను దాదాపు మూసేస్తాయి. దుకాణం కట్టేశాక షట్టరుకి వేసే పెద్ద తాళం లాంటిది హెచ్‌5. అందులో ఆర్జినిన్ ఎక్కువ, డీఎన్‌ఏని హెచ్‌1 కంటే గట్టిగా పట్టుకుంటుంది. మనలో దీని దగ్గరి చుట్టం హెచ్‌1.0, విభజన మానేసిన కణాల్లో పేరుకుంటుంది. రెండో కొసన గుడ్డు: కప్ప పిండం గబగబా విభజించుకునే తొలి గంటల్లో బి4 అనే వేరే రకం వాడుతుంది, శరీర కణాల హెచ్‌1 తర్వాతే వస్తుంది. వృషణాలకూ సొంత రకాలున్నాయి.

ఈ హెచ్‌1 రెండు చివర్లా వేలాడే తోకలంత పెళుసు సరుకు ఇంకోటి లేదు. ప్రొటీన్లను కోసేసే ఎంజైములను (ప్రోటియేజ్‌లను) ఆపే మందు వేయడం ఆలస్యమైతే జెల్ మీద తునకలే. మా డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌కి జనరేటర్ కనెక్షన్ లేదు, హెచ్‌ఓడీ గది ఏసీకి మాత్రం ఉంది! పైగా హెచ్‌1 అసలు బరువు 21 కిలోడాల్టన్ల దగ్గరున్నా జెల్ మీద 30 దాటి కనిపిస్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ "ఇది హెచ్‌1 కాదు" అని వాదించారు.

వెంకీ రామకృష్ణన్ అంటే అందరూ రైబోజోమ్, 2009 నోబెల్ అంటారు. 1993లో ఆయన బృందం తేల్చిన కోడి హెచ్‌5 మధ్య భాగం స్ఫటిక నిర్మాణం గురించి మాకు క్లాసులో ఒక్కరూ చెప్పలేదు.

ఎలుకల్లో ఒక రకం హెచ్‌1 జన్యువుని తీసేస్తే ఏమీ కాలేదంటారా? మిగిలినవి పెరిగి మొత్తం మోతాదును సర్దాయి, అంతే. మూడు రకాలు కలిపి తీసేస్తే హెచ్‌1 సగానికి పడిపోయి పిండాలు గర్భం మధ్యలోనే చనిపోయాయి. మోతాదు ముఖ్యమని అది చెబుతుంది. అన్నీ ఒకే పని చేస్తాయని మాత్రం చెప్పదు.