సంఘపెద్దగా ఒప్పుకునే ముందు ఇది చదువు నాన్నా

నాన్నా,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. ఆఫీసులో నిన్ను టీమ్ లీడర్‌ని చేశారనీ, అదే నెలలో సంఘపెద్దగా నీ పేరు అనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో మోకరించాను. లేచేసరికి దిగులు పట్టుకుంది. నువ్వు ఎవరికీ కాదని చెప్పలేవు. ఆ గుణం చూసే నీకు పనులు అప్పగిస్తారు, ఆ గుణం వల్లే నీ ఇంటివాళ్లు నీ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఇంకా మాట ఇవ్వలేదని విన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఉపవాసం ఉండు, ప్రార్థన చెయ్యి, పాస్టరు గారితో మాట్లాడు. ఇవి నీకు తెలిసినవే. బైబిల్లో మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయం నువ్వూ, నీ భార్య మా అమ్మాయీ కలిసి చదవండి. తన ఇంటిని ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు అడిగిన చోట ఆగండి. ఆ ప్రశ్నకు నీ ఇంటి గురించి జవాబు అమ్మాయినే చెప్పనివ్వు.

తర్వాత ఒక కాగితం తీసుకుని వారం లెక్క వెయ్యి. వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్రకు 49 పోతాయి. ఉద్యోగం, రాకపోకలకు 55 అనుకుందాం. స్నానం, భోజనం, ఇంటి పనులకు 25. ఆదివారం ఆరాధనకు, ముందూ వెనకా పలకరింపులకు 5. మిగిలేవి 34. అమ్మాయి, పిల్లలు, అమ్మానాన్న, నీ సొంత ప్రార్థన, జ్వరాలు, చుట్టాలు అన్నీ ఆ 34లోనే సర్దుకోవాలి. అందులో సంఘానికి ఆరు గంటలు ఇవ్వు. వారానికి రెండు సాయంత్రాలు, అవి కూడా వరుస రోజులు కాకుండా చూసుకో. వరుసగా రెండు రాత్రులు పిల్లలు నిద్రపోయాక ఇంటికి చేరావంటే, మూడో రోజు వాళ్లు దేని గురించి మాట్లాడుకుంటున్నారో కూడా నీకు అర్థం కాదు.

యూత్ కూడికలు, పాటల బృందం, కానుకల లెక్కలు ఇప్పటికే నీ మీద ఉన్నాయి. సంఘపెద్దగా ఉండాలంటే వీటిలో రెండు దించాలి. మెల్లగా దించుతానంటే నేను ఒప్పుకోను. ఎవరికి, ఏ తేదీకి అప్పగిస్తావో మాట ఇచ్చే ముందే రాసుకో. అప్పగించడమంటే తాళాలు చేతిలో పెట్టి వచ్చేయడమని అనుకుంటారు, అందుకే నెల తిరక్కుండా పని మళ్లీ పాతవాడి దగ్గరికే వస్తుంది. మొదటి నెల నువ్వు చెయ్యి, ఆ పని తీసుకునే తమ్ముడు పక్కనుండి చూస్తాడు. రెండో నెల ఇద్దరూ కలిసి చెయ్యండి. మూడో నెల అతను చేస్తే నువ్వు చూడు. నాలుగో నెల ఆ గదిలోకే వెళ్లకు. అతను నీకంటే తక్కువగా చేసినా జనం ముందు దిద్దకు. తప్పు చెప్పాలంటే మర్నాడు, ఒంటరిగా చెప్పు.

మోషేకు ఈ సలహా ఎవరిచ్చారో గుర్తుందా? మామగారు యిత్రో. నిర్గమకాండం 18 మొదటి నుంచి చదువు. ఆయన మోషే భార్య సిప్పోరానూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని అరణ్యంలోకి వచ్చాడు. మర్నాడే అల్లుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం మధ్య కూర్చుని తీర్పులు చెప్పడం చూశాడు. నువ్వు చేసే ఈ పని మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతుల్ని పెట్టమన్నాడు. ఒక మనిషి దగ్గరుండి చూసుకోగలిగింది పది కుటుంబాలనే. ఇరవై అప్పగిస్తామంటే ఇంకొకర్ని అడుగు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా భయం డబ్బు గురించి కాదు, పేరు గురించీ కాదు. బైబిల్లోని సమూయేలు ప్రవక్తకు జరిగిందే నీకూ జరుగుతుందేమోనని.

ముందు సమూయేలును పెంచిన యాజకుడు ఏలీ కథ, అది అందరికీ తెలుసు. నలభై ఏళ్లు ఇశ్రాయేలుకు న్యాయాధిపతిగా ఉన్నాడు. కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు షిలోహులో బలుల మాంసాన్ని బలవంతంగా లాక్కునేవాళ్లు. ఏలీకి ఆ సంగతి జనం చెబితే తెలిసింది. మందలించాడు గానీ అడ్డుకోలేదు. ఆ ఇంటి మీదికి రాబోయే తీర్పును దేవుడు ఎవరికి చెప్పాడు? అదే ఆలయంలో పడుకున్న చిన్నవాడు సమూయేలుకు. తెల్లవారి తలుపులు తెరిచి, చెప్పడానికి భయపడి, చివరికి ఒక్క మాట దాచకుండా చెప్పాడు. పిల్లల విషయంలో దేవుని సేవకుడు ఎలా పడిపోతాడో అంత దగ్గరగా చూసినవాడు లేఖనాల్లో ఇంకొకడు లేడు.

మరి అదే సమూయేలు పెద్దవాడయ్యాక? ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయం తీర్చి రామాలోని ఇంటికి వచ్చేవాడు. అతని చేతులు శుభ్రమైనవి, ఎవరి ఎద్దునూ గాడిదనూ తీసుకోలేదని జనమే ఒప్పుకున్నారు. ముసలితనంలో కొడుకులు యోవేలు, అబీయాలను న్యాయాధిపతులుగా తానే నియమించాడు. వాళ్లు బెయేర్షెబాలో ఉండి లంచాలు తిన్నారు. అతను తిరిగిన ఊళ్ల పేర్లు మళ్లీ చూడు. బెయేర్షెబా వాటిలో లేదు. ఇశ్రాయేలు దేశమంతా అనడానికి దాను మొదలుకొని బెయేర్షెబా వరకు అంటామే, ఆ దక్షిణపు కొస అది. కొడుకులు ఎందుకు అలా అయ్యారో వాక్యం చెప్పలేదు కాబట్టి అతని ప్రయాణాలే కారణమని నేను తీర్పు చెప్పను. అపొస్తలుల కార్యాల్లోని సువార్తికుడు ఫిలిప్పు కూడా సమరయ, గాజా దారి తిరిగినవాడే, కైసరయలోని అతని ఇంట్లో నలుగురు కూతుళ్లూ ప్రవచించేవాళ్లు. కానీ ఏలీకి చెప్పినట్టే సమూయేలుకూ అతని కొడుకుల సంగతి బయటివాళ్లు వచ్చి చెప్పారు. పెద్దలు రామాకు వచ్చి, నువ్వు ముసలివాడివి, నీ కొడుకులు నీ దారిలో నడవడం లేదు, మాకు రాజును ఇవ్వు అన్నారు. ఒక ఇంటి సంగతి దేశం సంగతి అయింది.

ఆ తప్పు నాకు తెలుసు, నేను చెయ్యను అని నువ్వు అంటావు. సమూయేలుకు నీకంటే బాగా తెలుసు నాన్నా. అందుకే తెలివిని నమ్ముకోవద్దు, తేదీలు పెట్టుకో. మూడు నెలలకు ఒకసారి నువ్వూ అమ్మాయీ పిల్లలు లేనప్పుడు కూర్చోండి. మూడు ప్రశ్నలు అడుగు. ఈ మూడు నెలల్లో నేను లేక నీకు కష్టమైన రోజు ఏది? పిల్లల గురించి నాకు తెలియనిది నీకు తెలిసింది ఏమిటి? నేను ఏ పని వదిలేస్తే నీకు ఊరట? జవాబులు రాసుకో. ఆ రోజు ఒక్క మాట కూడా సమర్థించుకోకు. సమర్థించుకున్నావంటే వచ్చేసారి తను అంతా బాగానే ఉందంటుంది, ఆ మాట నమ్మి నువ్వు ఇంకో కమిటీలో చేరతావు. రెండో ప్రశ్నకు జవాబుగా వచ్చిన సంగతి మీద వారం లోపల ఆ బిడ్డతో ఒంటరిగా అరగంట గడుపు.

కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకు. పిల్లల చేత నాలుగైదు వచనాలు చదివించు, ఒక ప్రశ్న వాళ్లని అడగమను, ఒక కృతజ్ఞత, చిన్న ప్రార్థన. అది ఎక్కడ చెడుతుందంటే తండ్రి ప్రసంగం మొదలుపెట్టిన చోట. ఇంకా ఘోరం, పగలు చేసిన అల్లరిని ప్రార్థనలో దేవుడికి చెప్పడం. పిల్లలకు అది తిట్టని తెలుసు, ఆ రోజు నుంచి కళ్లు మూసుకోవాలంటే బెదురుతారు. సంఘంలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో వాళ్ల ముందు అనకు. నువ్వు ఆ మనిషిని మర్నాడే క్షమిస్తావు, పిల్లలకు మాత్రం ఆ మాట గుర్తుండిపోతుంది. వాళ్ల సంగతులు వాళ్లని అడక్కుండా ప్రసంగంలో చెప్పకు.

రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ హాల్లో పెట్టు. మరణం, ఆసుపత్రి, ప్రమాదం అయితేనే తీయాలి. ఇంకో పెద్దతో వారం మార్చి వారం వంతు వేసుకుని, ఈ వారం ఎవరికి ఫోన్ చేయాలో ఆదివారం ప్రకటనల్లో చెప్పించండి. కమిటీ మీటింగు గంటన్నర. అజెండా ముందురోజే పంపు, నిర్ణయాలు లేచేలోపు రాసెయ్యి. కానుకలు బంధువులు కాని ఇద్దరు ఒకేచోట లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి, డబ్బు ఇంటికి తేకు. సంఘంలోని సహోదరీలతో మాట్లాడాల్సి వస్తే అమ్మాయిని వెంట తీసుకెళ్లు.

ఆఫీసు గురించి ఒక్క మాట. నీ కింద పనిచేసేవాళ్లను కూడికకు రమ్మని పిలవకు. రానని చెప్పడం వాళ్లకు కష్టం, వచ్చినా నీ పదవి చూసే వస్తారు. ఆఫీసు సమయంలో సంఘం ఫోన్లూ వద్దు. వాళ్ల సెలవులు న్యాయంగా పంచు, తప్పు నీదైతే నీదని ఒప్పుకో. వాళ్లు నీ ప్రభువు గురించి అడిగితే అప్పుడు చెప్పు.

నీ సొంత ధ్యానానికి రోజూ ఇరవై నిమిషాలు, ఆ వారం నువ్వు చెప్పబోయే వాక్యభాగం కాకుండా వేరే గ్రంథం చదువు. మైకు ముందు తప్ప ప్రార్థన చేయడం లేదని గమనించావా, ఆ వారమే పాస్టరు గారికి చెప్పి నెల రోజులు పక్కన కూర్చో. నాన్న ఎప్పుడొస్తాడని పిల్లలు అడగడం మానేసినా అంతే. వాళ్లు సర్దుకున్నారని సంబరపడకు బాబూ, ఆ రోజు పని వదిలి ఇంటికి వచ్చెయ్.

పాస్టరు గారిని మూడు అడుగు. ఈ బాధ్యత ఎన్నేళ్లకు, ఎన్ని కుటుంబాలకు, నేను దించే రెండు పనులు ఎవరు ఎత్తుకుంటారు? రెండేళ్లకు మించి మాట ఇవ్వకు, ముగిసే తేదీ మినిట్స్‌లో రాయించు. మూడింటికీ జవాబు వచ్చాక, అమ్మాయి సరేనంటే ఒప్పుకో. నువ్వు మంచి సంఘపెద్దవు అవుతావని నాకు నమ్మకం ఉంది. వారం లెక్క కాగితం ఫొటో తీసి నాకు పంపు, తనకు ఎన్ని గంటలు రాశావో ముందు అదే చూస్తాను.

ప్రార్థనలతో,
మీ పెద్దమ్మ