నాన్నకు బెడ్ సోర్ వచ్చింది, ఇది మామూలేనా?

ప్రశ్న: నాన్నకు 74 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించాం. తొమ్మిదో రోజు ఒళ్లు తుడుస్తుంటే నడుము కింద ఎముక దగ్గర తోలు ఊడి పుండు కనిపించింది. అడిగితే 'మంచాన పడ్డవాళ్లకు ఇది కామనే' అన్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అబద్ధం కాదమ్మా, కానీ సగం మాటే. చాలా దేశాల అధ్యయనాలను కలిపి 2020లో లెక్కగడితే ఆస్పత్రుల్లో ఉన్న వయోజనుల్లో 12.8 శాతం మందికి, అంటే ఎనిమిది మందిలో ఒకరికి, ఈ పుండ్లు ఉన్నట్టు తేలింది. చేరాక కొత్తగా వచ్చినవాళ్లు 8.4 శాతం. ఐసీయూల్లో అయితే పుండ్లు ఉన్నవాళ్లు మొత్తం నలుగురిలో ఒకరికి పైనే. ఎక్కువ భాగం మొదటి రెండు దశలవే, చర్మం కమిలినవి, పైతోలు లేచినవి. ఆ కమిలినవాటిని లెక్కలో వేయకపోతే అంకె అమాంతం పడిపోతుంది, అందుకే ఏ ఆస్పత్రైనా 'మా దగ్గర అసలు రావు' అంటే, రోగిని తిప్పి చూడటం లేదేమోనని నాకు అనుమానం. మన రంగు ఒళ్లమీద ఎరుపు సరిగ్గా తెలియదు కూడా, చేత్తో తాకి చూడాలి, చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో ఉంటుంది.

మీ నాన్నగారిలాంటి వాళ్లకు ముప్పు ఎక్కువే. నొప్పికి భయపడి కదలరు, ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి అక్కడ నెత్తురు ఆడదు. మంచం తలవైపు బాగా ఎత్తితే కిందికి జారుతూ తోలు ఒరుసుకుంటుంది, ఇది చాలామందికి తట్టదు. అయినా చాలావరకు ఆపగలిగినవే ఇవి.

కోఠిలో ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని వదిలేయకండి, అది ఉన్నా పక్క మార్చాల్సిందే, సాధారణంగా రెండు గంటలకోసారి. ఆపరేషన్ అయిన కాలు కదా, ఎటు తిప్పొచ్చో సర్జన్‌ని అడగండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. పుండు చుట్టూ మర్దన వద్దు, రింగు దిండు వద్దు. గుడ్డో పప్పో బాగా తినిపించండి. నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇక ఆస్పత్రి తప్పా అంటే, కేస్ షీట్ కాపీ అడగండి. చేరిన రోజు చర్మం ఎలా ఉందో రాశారా, పక్క మార్చిన టైములు ఉన్నాయా చూడండి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే 'కామనే' అన్నవాళ్లను మళ్లీ అడగొచ్చు.