గడ్డిదిబ్బ సాక్షులు

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని దారి పక్కనున్న గడ్డిదిబ్బ మీద నుంచి కూడా ఎవరో కాల్చారని, కళ్లారా చూసినవాళ్లే చెప్పారని అంటారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సాక్షులందరినీ ఒకే గాటన కట్టకండి. ఆ మాట ఎప్పుడు చెప్పారన్నదే నేను ముందు చూస్తాను. 1963 నవంబరు 22న డాలస్‌లో కారుకు దగ్గర్లోనే నిలబడ్డ టీచర్ జీన్ హిల్, కాల్చిన మనిషిని చూడలేదని ఆ రోజు ఇంటర్వ్యూలో చెప్పారు. కెన్నెడీ దంపతుల మధ్య చిన్న కుక్క ఉందని కూడా అన్నారు. కారులో కుక్కే లేదు! దిబ్బ మీద తుపాకీ మనిషిని చూశానన్నది చాలా ఏళ్ల తర్వాత. ఆవిడను అబద్ధాలకోరు అనడానికి నాకు మనసొప్పదు. కళ్లముందే ప్రాణం పోతుంటే ఎవరి బుర్రయినా మొద్దుబారుతుంది. కానీ నేను మొదటి మాటకే విలువిస్తాను.

కాల్పులు దగ్గర్లోని పుస్తకాల గోదాము నుంచే జరిగాయనే అవతలి పక్షానికీ ఇదే లెక్క. ఆ గోదాము ఆరో అంతస్తు కిటికీలో మనిషిని చూసిన హోవార్డ్ బ్రెన్నన్, ఆ రాత్రి పోలీసుల దగ్గర హత్య కేసులో పట్టుబడ్డ ఆస్వాల్డ్‌ను కచ్చితంగా గుర్తుపట్టలేదు. ఇంట్లోవాళ్లకు ఏమవుతుందోనని భయపడ్డానని తర్వాత చెప్పాడు.

రైల్వే ఉద్యోగి హాలండ్‌ను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. దిబ్బ మీది చెట్ల దగ్గర పొగ చూశానని ఆ రోజే వాంగ్మూలం ఇచ్చాడు. వెంటనే దిబ్బ మీది కంచె వెనక్కి పరిగెత్తి ఖాళీ కాట్రిడ్జ్‌ల (పేలిన తూటాల తొడుగుల) కోసం వెతికాడు. బురదలో అడుగుజాడలు కనిపించాయి, కాట్రిడ్జ్ ఒక్కటీ దొరకలేదు. గోదాము ఆరో అంతస్తులో రైఫిల్‌తో పాటు మూడు దొరికాయి.