ఒకే సీటు, 49 ఏళ్లు: ఎంపీ జీవితం రాయబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

బ్రిటన్ మాజీ ఎంపీ కెన్నెత్ క్లార్క్ మీద నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి చదివాను. కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి నాలుగు పేజీలూ పదవుల జాబితాగా నడిచాయి. 1988లో ఆరోగ్యం, 1990లో విద్య, 1992లో హోం, 1993లో ఆర్థికం. చదివేవాడికి మనిషి ఎక్కడా కనబడడు. నాటింగ్‌హామ్ పక్కనున్న రష్‌క్లిఫ్ అనే ఒక్క నియోజకవర్గం నుంచి 1970 జూన్ మొదలు 2019 నవంబర్ దాకా కన్సర్వేటివ్ పార్టీ టికెట్ మీద గెలుస్తూ వచ్చిన మనిషి ఆయన. ఆ కథకి వెన్నెముక పదవులు కాదు, యూరప్.

1971 అక్టోబర్ 28న, ఎంపీ అయిన మరుసటి ఏడాదే, యూరోపియన్ కమ్యూనిటీలో (నేటి యూరోపియన్ యూనియన్‌కి తొలి రూపం) చేరాలన్న తీర్మానానికి ఆయన ఓటేశారు. అది 356–244తో నెగ్గింది. 2017 ఫిబ్రవరి 1న, యూరప్ నుంచి వైదొలిగే ప్రక్రియ మొదలుపెట్టే బిల్లు రెండో పఠనంలో 498–114తో గట్టెక్కినప్పుడు, వ్యతిరేకంగా ఓటేసిన కన్సర్వేటివ్ ఎంపీ ఆయన ఒక్కరే. ఈ రెండు ఓట్ల మధ్య పార్టీ ఎటు జరిగిందో, ఆయన ఎక్కడ నిలబడ్డారో చూపిస్తే నీ వ్యాసం నిలబడుతుంది. మిగతా పదవులన్నీ ఆ దారిలో మజిలీలుగా వచ్చిపోవచ్చు.

అలాగని ఆయన్ని విగ్రహం చేసి కూర్చోబెట్టకు. 2017లో వద్దన్న మనిషే 2019లో అప్పటి ప్రధాని థెరిసా మే కుదుర్చుకున్న నిష్క్రమణ ఒప్పందానికి మూడుసార్లూ ఓటేశారు. బయటికి వెళ్లడం తప్పదనుకున్నాక, కనీసం కస్టమ్స్ యూనియన్‌లో, అంటే యూరప్‌తో సుంకాల్లేని సరుకుల వ్యాపార ఏర్పాటులో, ఉండాలని సొంతంగా తీర్మానం పెట్టారు. ఏప్రిల్ 1న అది 273–276తో, మూడంటే మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. ఈ సంగతి నీ చిత్తుప్రతిలో లేదు. ఇది లేకపోతే ఆయన మొండివాడిగా మాత్రమే మిగిలిపోతారు. నిజానికి దొరికినంతలో కాపాడుకుందామని చూసిన రాజకీయవేత్త ఆయన.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. కామన్స్ సభలో (ఎన్నికైన దిగువ సభ) డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, పిలిస్తే గంటలు మోగుతాయి. ఎనిమిది నిమిషాల్లోగా సభ్యులు అనుకూలానికొకటి, వ్యతిరేకానికొకటిగా ఉన్న రెండు లాబీల్లో ఏదో ఒకదాంట్లోకి నడిచి వెళ్లాలి, ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. ఒక్కో పక్షానికి ఇద్దరు టెల్లర్లు లెక్క చూస్తారు. ఆ నలుగురి ఓట్లూ మొత్తంలో కలవవు, పేర్లు విడిగా వేస్తారు. స్పీకరూ ఉపసభాపతులూ ఓటెయ్యరు. ‘తటస్థం’ అని నమోదు చేసే పద్ధతి కూడా లేదు. జాబితాలో పేరు కనబడకపోతే మనిషి విదేశీ పర్యటనలో ఉండవచ్చు, అవతలి పక్షం సభ్యుడితో జత కుదుర్చుకుని ఇద్దరూ మానేసి ఉండవచ్చు, కావాలనే బయట ఉండిపోయి ఉండవచ్చు. నువ్వు రెండు చోట్ల ‘తటస్థంగా ఉండిపోయారు’ అని రాశావు. ఆనాటి పత్రికలోనో, ఆయన మాటల్లోనో కారణం దొరికితే తప్ప ఆ మాట రాయకు. ‘ఓటింగ్‌లో పాల్గొనలేదు’ అంటే చాలు.

రెండోది, మంత్రిగా ఉన్నప్పుడు వేసిన ఓటు ఆ మనిషి మనసు చెప్పదు. మంత్రివర్గ సమష్టి బాధ్యత ఆయన చేతులు కట్టేస్తుంది. క్లార్క్ 1979 నుంచి 1997 వరకు, కన్సర్వేటివ్‌లు అధికారంలో ఉన్న ఆ 18 ఏళ్లూ, విరామం లేకుండా ప్రభుత్వంలో ఉన్నారు. ఆ కాలపు ఓట్లు వందల కొద్దీ చదివినా ప్రభుత్వమే కనబడుతుంది. అందుకే 1997 తర్వాత, ఏ పదవీ లేకుండా వెనక బెంచీల్లో కూర్చున్న పన్నెండేళ్లు జాగ్రత్తగా చూడు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధానికి సొంత పార్టీ నాయకత్వం మద్దతు పలికినా ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి.

మంత్రుల ప్రసంగాల్ని ఉటంకించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. తయారుగా తెచ్చుకున్న ప్రకటనలో అధికారుల చెయ్యి ఉంటుంది. తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నలకి అక్కడికక్కడ ఇచ్చే జవాబుల్లో మనిషి గొంతు వినబడుతుంది. సభా చర్చల అధికారిక రికార్డు హన్సార్డ్‌లో ఆ భాగానికి వెళ్లు. అయితే హన్సార్డ్ అక్షరం పొల్లుపోని రికార్డు కాదని గుర్తుంచుకో. పునరుక్తులు తీసేస్తారు, స్పష్టమైన పొరపాట్లు సరిదిద్దుతారు. 2017 జనవరి 31 నాటి ఆయన ప్రసంగానికి వీడియో ఉంది. కుందేలు వెంట బొరియలోకి దిగి అద్భుతలోకంలో తేలడం గురించి అన్న మాటలకి సభ ఎలా నవ్విందో, ఎంపీ తన వివేచనని నియోజకవర్గానికి బాకీ పడి ఉంటాడన్న 18వ శతాబ్దపు ఎంపీ ఎడ్మండ్ బర్క్ వాదన దగ్గర స్వరం ఎలా మారిందో చూసి రాయి. ఇంకో సంగతి: 2016 రెఫరెండంలో రష్‌క్లిఫ్ ప్రాంతం యూరప్‌లో ఉండిపోవడానికే మొగ్గింది. ఇది చెప్పకుండా ఆయన ధైర్యాన్ని పొగిడితే సగం నిజమే చెప్పినట్టు.

మన పాఠకులకి తప్పక విడమరచాల్సిన చోటు 2019 సెప్టెంబర్ 3. ఒప్పందం లేని నిష్క్రమణని ఆపడానికి సభ ఎజెండాని ఎంపీలు తమ చేతిలోకి తీసుకునే తీర్మానం 328–301తో నెగ్గింది. విప్ ధిక్కరించిన 21 మంది కన్సర్వేటివ్‌లని పార్లమెంటరీ పార్టీ నుంచి తప్పించారు. వాళ్లలో క్లార్క్ ఒకరు. నువ్వు ‘అనర్హత వేటు పడింది’ అని రాశావు. మన దగ్గర 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు కాబట్టి ఆ మాట చేతికి తేలిగ్గా వచ్చేసింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. పార్లమెంటరీ పార్టీలో చోటు పోతే స్వతంత్ర సభ్యుడిగా కూర్చుంటారు, సీటు ఎక్కడికీ పోదు. ఆ తేడా తెలియకపోతే అంత సీనియర్ తిరుగుబాటు చేయగలగడం ఎలా సాధ్యమో మన పాఠకుడికి అర్థం కాదు. అక్టోబర్ 29న 21 మందిలో పదిమందిని మళ్లీ చేర్చుకున్నారు, ఆయన ఆ పదిమందిలో లేరు. మరుసటి ఏడాది ఎగువ సభ అయిన ప్రభువుల సభకి మాత్రం కన్సర్వేటివ్‌గానే వెళ్లారు.

‘ఫాదర్ ఆఫ్ ద హౌస్’ గురించి రాసిన పేరా సరిదిద్దు. అది వయసుని బట్టి రాదు, పార్టీ ఇచ్చేదీ కాదు. ఎడతెగకుండా ఎక్కువ కాలం సభలో ఉన్నవారికి వస్తుంది. లేబర్ పార్టీ డెన్నిస్ స్కిన్నర్, క్లార్క్ ఇద్దరూ 1970 ఎన్నికల్లోనే గెలిచారు. ముందు ప్రమాణం చేసినవారు క్లార్క్ కాబట్టి అప్పటిదాకా ఆ హోదాలో ఉన్న జెరల్డ్ కౌఫ్‌మన్ 2017లో మరణించాక ఆ హోదా ఆయనకి వచ్చింది. దానికున్న అసలు పని స్పీకర్ ఎన్నికకి అధ్యక్షత వహించడం. 2019 నవంబర్ 4న లిండ్సే హోయల్ ఎన్నికైనప్పుడు ఆ కుర్చీలో ఉన్నది క్లార్కే. రెండు నెలల కిందట సొంత పార్టీ పక్కన పెట్టిన మనిషి సభ మొత్తానికి పెద్దగా కూర్చున్న రోజది. దానికి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

పదవుల పేర్లలో ఒక గుంట ఉంది. ఆయన మూడు రకాల ‘ఛాన్సలర్’: 1987లో లాంకాస్టర్ డచీకి (రాజవంశపు ఎస్టేటు పేరు మీదున్న మంత్రి పదవి), 1993లో ఖజానాకి, 2010లో న్యాయశాఖతో కలిసొచ్చిన లార్డ్ ఛాన్సలర్. నీ మూడో పేజీలో మొదటిదీ రెండోదీ కలిసిపోయాయి. ఖజానా అన్నచోట ‘ఆర్థిక మంత్రి’ అనెయ్యి, గొడవ ఉండదు.

ఆర్థిక మంత్రిగా నాలుగేళ్లలో ఏం చూపించాలని అడిగావు. 1994 డిసెంబర్ మొదటి వారం ఒక్కటి చూపించు. ఇళ్లలో వాడే ఇంధనం మీద వ్యాట్‌ని 8 శాతం నుంచి 17.5 శాతానికి పెంచడం 1993 మార్చి బడ్జెట్‌లో, క్లార్క్‌కి ముందు ఆర్థిక మంత్రి నార్మన్ లమాంట్ ప్రకటించిన నిర్ణయం. క్లార్క్‌కి వారసత్వంగా వచ్చింది. డిసెంబర్ 6 రాత్రి ప్రభుత్వం 319–311తో ఓడిపోయింది. మర్నాడే వడ్డీ రేటు 5.75 నుంచి 6.25 శాతానికి పెరిగింది. ఆ మరుసటి రోజు, పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి వేరే సుంకాలు ప్రకటించారు. ఎవరో వేసిన పన్ను, తన మీద పడిన ఓటమి, 48 గంటల్లో కొత్త లెక్క. దాని పక్కనే 1995, 1996 బడ్జెట్లలో ఆదాయపు పన్ను ప్రాథమిక రేటు 25 నుంచి 24కి, అక్కణ్ణుంచి 23కి దిగిన సంగతి పెడితే ఆయన తరహా కన్సర్వేటిజం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నాయకత్వ పోటీల్లో మూడుసార్లు ఓడారని ఊరికే రాయడం దండగ. ప్రతిసారీ ఓడిన తీరు వేరు. 1997లో ఓటర్లు 164 మంది ఎంపీలే. మొదటి రౌండులో 49–41, రెండో రౌండులో 64–62తో విలియం హేగ్ కంటే ఆయనే ముందున్నారు. మూడో రౌండుకి ముందు యూరప్ వ్యతిరేకి జాన్ రెడ్‌వుడ్‌తో చేతులు కలిపారు. ఆ పొత్తు ఎవరికీ మింగుడు పడలేదు, 70–92తో ఓడారు. 2001లో ఎంపీల తుది రౌండులో 59 ఓట్లతో మొదటి స్థానం ఆయనదే. కానీ నిబంధనలు మారి తుది తీర్పు పార్టీ సభ్యుల చేతికి వెళ్లింది. వాళ్లు ఇయాన్ డంకన్ స్మిత్‌కి 1,55,933, ఈయనకి 1,00,864 ఓట్లేశారు. 2005లో ఎంపీల దగ్గరే, 38 ఓట్లతో నలుగురిలో చివర ఆగిపోయారు. మొదట ఎంపీలు, తర్వాత సభ్యులు, చివరికి మళ్లీ ఎంపీలే వద్దన్నారు. పార్టీ జరిగిపోవడం ఈ అంకెల్లోనే ఉంది.

ఇబ్బంది పెట్టే విషయాలు దాచకు. ఒకప్పటి ఆరోగ్య మంత్రి 1998 నుంచి 2007 దాకా బ్రిటిష్ అమెరికన్ టొబాకో డిప్యూటీ ఛైర్మన్‌గా ఉన్నారు. సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు ఏటేటా చదివి, ఉన్నది ఉన్నట్టు రాయి. విశేషణాలు వద్దు.

ఎన్నికల ఫలితాలు పోల్చేటప్పుడు రష్‌క్లిఫ్ పేరు ఒకటే అయినా హద్దులు ఒకటి కావని మరిచిపోకు. 1974, 1983, 1997, 2010 ఎన్నికలకి ముందు ఇంగ్లండ్ అంతటా నియోజకవర్గాల సరిహద్దులు సవరించారు. ఆ గీతలకి అటూ ఇటూ ఉన్న మెజారిటీలని పక్కపక్కన పెట్టి ‘పెరిగింది, తగ్గింది’ అంటే చెల్లదు.

ఆయన ఆత్మకథ 2016లో వచ్చింది. మొదట అది చదివి రాయడం మొదలుపెట్టినట్టున్నావు, మాటల్లో తెలిసిపోతోంది. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలం ప్రభుత్వ ఫైళ్లు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో తెరిచి ఉన్నాయి. మంత్రివర్గ తీర్మానాలు ‘క్యాబ్ 128’ వరసలో, ప్రధాని కార్యాలయ కాగితాలు ‘ప్రెమ్ 19’ వరసలో వెతుకు. ఆత్మకథకీ ఫైలుకీ పొసగని చోట రెండూ చెప్పు.

ముందుగా 1971 నుంచి 1974 వరకు, ఆయన విప్‌గా పనిచేసిన కాలంతో కలిపి, ఒక్క భాగం తిరగరాసి పంపు. ప్రతి ఓటు పక్కనా తేదీ, హన్సార్డ్ సంపుటం, కాలమ్ నంబరు ఉండాలి. అది చూశాక తక్కినవి మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో,
మీ అన్న