గుండె ఆపరేషనైన పాపతో అమెరికా వెళ్లేవాళ్లకు

తమ్ముడూ, మొన్న తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికొచ్చినప్పుడు మీ ఇద్దరూ అడగలేక అడిగారు: "అన్నా, పాపకు గుండె ఆపరేషనైందని చెబితే అక్కడ ఇన్సూరెన్స్ ఇవ్వరేమో, చెప్పకుండా ఉంటే పోలా?" ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, సరిగ్గా జవాబివ్వలేకపోయాను. ఇదే సందేహం ఇంకెందరికో ఉంటుంది కాబట్టి అందరికీ కనపడేలా రాస్తున్నా.

చెప్పండి. ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు పాత జబ్బుందని బిడ్డను కాదనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. 2014 నుంచి పెద్దవాళ్లకూ అదే రూలు. జాగ్రత్తంతా తేదీల్లోనే. ఉద్యోగంలో చేరాక పాప పేరు చేర్చడానికి మామూలుగా 30 రోజులే గడువిస్తారు. కవరేజీ చేరిన రోజే మొదలవుతుందా, వచ్చే నెల ఒకటో తేదీ నుంచా అని హెచ్ఆర్‌ను అడిగి, దాన్నిబట్టి పాప టికెట్టు తీయి. మధ్య రోజులకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిలే అనుకోవద్దు, చాలావరకు అవి పాత జబ్బులకు పనికిరావు.

చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా పాప 2013 జులైలో అక్కడే పుట్టింది. రెండో రోజు నర్సు కాలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసింది. మళ్లీ పెట్టింది, మూడోసారి పెట్టి డాక్టరును పిలిచింది. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అన్నారు. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు. ఏడ్చి నీలంగా మారితే మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకోమని నేర్పారు. నాలుగో నెలలో ఒక రాత్రి పెదాలు నేరేడుపండు రంగుకొచ్చాయి. నేను అట్లాగే పట్టుకుని కూర్చున్నా, మా ఆవిడ తలుపు బార్లా తీసి అంబులెన్సు కోసం మెట్ల మీద నిలబడింది.

ఫోన్లో మాయమ్మ "ఎవురికీ చెప్పొద్దు నాయనా, ఆడబిడ్డ, రేపు పెండ్లికి అడ్డమొస్తాది" అంది. ప్రేమతోనే అంది. మేమూ నోరు మెదపలేదు. నవంబరులో ఆఫీసువాళ్లు వచ్చే ఏడాదికి ప్లాను ఎంచుకోమంటే, ఎవర్నీ అడక్కుండా ప్రీమియం తక్కువున్నది టిక్కు పెట్టేశా. ఆపరేషన్ డిసెంబరు ఆఖరి వారంలో, ఇంటికొచ్చింది జనవరి మూడో వారంలో. జనవరి 1తో డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సువాళ్లు కట్టడం మొదలుపెట్టేముందు ఏటా మనం పెట్టుకోవాల్సిన మొత్తం, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. రెండేళ్లపాటు అప్పు తీర్చాం. నువ్వు మాత్రం ప్రీమియం కాదు, ఏడాదికి మన చేతినుంచి పోయే గరిష్ఠ మొత్తం ఎంతో, పిల్లల గుండె డాక్టరు ఆ ప్లాను నెట్‌వర్కులో, అంటే ఇన్సూరెన్సువాళ్లతో ఒప్పందమున్న డాక్టర్ల జాబితాలో, ఉన్నారో లేదో చూడు.

సెలవు సంగతీ అంతే. పెద్ద కంపెనీల్లో 12 నెలలు పనిచేసినవాళ్లకే 12 వారాల జీతంలేని సెలవు హక్కుగా వస్తుంది. నాకప్పటికి ఎనిమిది నెలలే. ఆపరేషన్ ముందురోజు మేనేజరుకు చెబితే, ఆసుపత్రి నుంచే పని చేసుకోమన్నాడు. ఐదు నెలలు ఎందుకు భయపడ్డానో!

మీ పాపకు పద్మావతి హృదయాలయంలో ఆపరేషనవడం మీ అదృష్టం. అది 2021లో వచ్చింది. అంతకుముందు మన ఊరి బిడ్డల్ని ఎంతమంది వేలూరుకో మద్రాసుకో ఎత్తుకుని పరిగెత్తారో మీ అమ్మానాన్నలనడుగు. అక్కణ్ణుంచి డిశ్చార్జి సమ్మరీతోపాటు ఆపరేషన్ నోట్సు, ఎకో (గుండె స్కానింగ్) వీడియో కూడా అడిగి తీసుకో. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. మందులకు కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకో. టీకాల కార్డుతో సహా అన్నీ చేతిసంచిలోనే పెట్టు. విమానంలో ఆక్సిజన్ అవసరమా అనీ, పళ్ల డాక్టరు దగ్గరికెళ్లే ముందు యాంటీబయాటిక్ వేయాలా అనీ ఇక్కడి డాక్టరునే అడుగు.

చెల్లెమ్మకో మాట. ఇంగ్లీషులో అడగలేనని వెనక నిలబడొద్దమ్మా. ఆసుపత్రిలో తెలుగు దుబాసీ కావాలంటే ఫోన్లో కలుపుతారు, డబ్బు తీసుకోరు. మాయమ్మ వచ్చినప్పుడు అట్లాగే డాక్టరుతో అరగంట మాట్లాడింది. పెండ్లి సంగతి కూడా అడిగింది. ఇప్పుడు వీధిలో ఎవరి బిడ్డకు ఎకో తీయించమన్నా, "పదండి, నేనొస్తా" అని ముందు బయల్దేరేది ఆమే.

వచ్చే శుక్రవారం దాకా ఊళ్లోనే ఉంటా. హెచ్ఆర్ పంపిన ప్లాన్ల కాగితాలు తీసుకుని రండి, కూర్చుని చూద్దాం. పాపనూ తీసుకురండి.